పదహారు వారాలు

మామ: పదహారు వారాలంటే నాలుగు నెలలు, పాపా. మన నల్లరేగట్లో పప్పుశనగ విత్తి కోసుకునేంత కాలం. అంతలోపల ఒక ఊరు ఏం తెలుస్తుంది, ఒక చదువు ఏం పూర్తవుతుంది? ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నావు. ఇంకో మూడు సెమిస్టర్లు నిదానంగా కూర్చుంటే పట్టా చేతికొస్తుంది. మధ్యలో సింగపూరనో జపాననో సంచి సర్దుకుంటే దాన్ని చదువంటారా, ఊర్లు చూసొచ్చేదంటారా?

మేనకోడలు: నాలుగు నెలల్లో పంటే చేతికొస్తుందని నువ్వే అంటివి. మళ్లీ అది తక్కువ కాలం ఎట్లయితుంది మామా? ముందు నేను అడిగేది ఏందో విను. ఇట్లా పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మన డబ్బు కట్టి అక్కడి యూనివర్సిటీలో ఒక సెమిస్టరు కొనుక్కునేది. అది నేను అడగడం లేదు. రెండోది ఎక్స్‌చేంజ్. రెండు విద్యాసంస్థలు ఒప్పందం రాసుకుంటాయి. మన పిల్ల అక్కడికి పోతుంది, వాళ్ల పిల్ల ఇక్కడికి రావచ్చు. ఎవరి ఫీజు వాళ్ల సొంత కాలేజీలోనే కడతారు. అక్కడ ట్యూషన్ ఫీజు అడగరు. మిగిలేది విమానం, గది, తిండి, ఇన్సూరెన్సు, వీసా. జపానులో జాస్సో అనే ప్రభుత్వ సంస్థ ఇట్లా కొద్దికాలానికి వచ్చేవాళ్లలో ఎంపికైనవాళ్లకు నెలకు 80,000 యెన్లు ఇస్తుంది.

మామ: ఎంపికైనవాళ్లకు అనే మాట మటుకు గొంతు తగ్గించి అన్నావు. ఎంపిక కాకపోతే? మీ అమ్మ గాజులు ప్రొద్దుటూరులో చేయించినవి. కష్టం వస్తే తాకట్టుకు పోయేదీ ఆ ఊరికే. డబ్బు సంగతి అట్లుంచు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు 75 శాతం హాజరు కావాల. నువ్వు ఒసాకాలో కూర్చుంటే ఇక్కడ హాజరు ఎవరు వేస్తారు? జపానులో చదువుల సంవత్సరం ఏప్రిల్లో మొదలైతుంది, కొరియాలో మార్చిలో. మన లెక్క వేరే. నువ్వు అక్కడ పరీక్ష రాసే నాటికి ఇక్కడ కొత్త సెమిస్టరు సగమైపోయి ఉంటుంది. నాలుగో సంవత్సరం మొదట్లోనే కంపెనీలోళ్లు క్యాంపస్‌కు వస్తారు. వాళ్లు నీ కోసం ఆగరు. తిరిగొచ్చినాక రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడితే, చూసొచ్చిన సముద్రం వాటిని పాస్ చేయించదు.

మేనకోడలు: ఇది ఒప్పుకుంటా. పోయేవాళ్లు చాలామంది ఇంతదూరం ఆలోచించరు. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులు, ఎన్ని క్రెడిట్లు, మార్కులు ఎట్లా మారుస్తారు, హాజరు ఎట్లా చూపిస్తారు, ఇవన్నీ పోయేముందే సంతకాలతో తీసుకోవాల. నోటిమాట నమ్మి విమానం ఎక్కకూడదు. కానీ దారి లేదని మటుకు అనొద్దు. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2022లో యూజీసీ విదేశీ యూనివర్సిటీలతో కలిసి చదువు చెప్పడానికి నిబంధనలు తెచ్చింది. ట్విన్నింగ్ పద్ధతిలో అయితే 30 శాతం దాకా క్రెడిట్లు బయట సంపాదించుకోవచ్చు.

మామ: అదే నిబంధనల్లో ఇంకో వాక్యం కూడా ఉంది. మన కాలేజీకి న్యాక్ గ్రేడింగులో 3.01 వచ్చి ఉండాల, లేదంటే ఎన్ఐఆర్‌ఎఫ్ జాబితాలో మొదటి 100 యూనివర్సిటీల్లో ఉండాల, అదీ కాదంటే కేంద్రం గుర్తించిన శ్రేష్ఠ సంస్థ అయి ఉండాల. పల్లెలనుంచి బస్సుల్లో పిల్లలొచ్చే కాలేజీల్లో ఆ గీత దాటేవి ఎన్ని? సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాదు ఉంది. 2008లో మొదలైంది. దాని క్యాంపస్‌కు జపాను అప్పిచ్చింది. 2012 నుంచి ఫ్రెండ్‌షిప్ అనే ప్రాజెక్టు కింద అక్కడి పిల్లలు జపానుకు పై చదువులకు పోతా ఉన్నారు. మంచిదే, నేను కాదనను. కానీ మన తొండూరు నుంచి కందికి పోగలిగిన పిల్లకు ఆ తలుపు తెరిచి ఉంది. తొండూరు నుంచి పొద్దున బస్సు పట్టుకుని పులివెందులకు పోయే పిల్లకు? ఇప్పటికే నాలుగు మెట్లు ఎక్కినోళ్లకు ఐదో మెట్టు వేసే పథకమిది. కింద నిలబడినోళ్లు తలెత్తి చూడాల్సిందే.

మేనకోడలు: నువ్వు చెప్పినవాటిలో నాకు నిద్ర పట్టనియ్యని మాట ఇదే. నా క్లాసులో నాకంటే బాగా చదివే పిల్ల ఉంది. వాళ్ల నాయన బోరు అప్పు తీరలేదు. పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు కట్టే మాట కూడా ఆ ఇంట్లో ఎత్తలేరు. నేను పోతే, తెలివితో పోయినట్టా, ఇంట్లో కాస్త వెసులుబాటు ఉండి పోయినట్టా? రెండూ ఉంటాయి. కానీ మామా, అందరికీ అందడం లేదు కాబట్టి ఎవరికీ వద్దు అంటే అది న్యాయం అవుతుందా? 2008లోనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లె బడుల్లో పది పాసైన పిల్లలను తీసుకుని, ఆరేండ్లు అక్కడే పెట్టి ఇంజినీర్లను చేసే పద్ధతి పెట్టినారు. ఎవరికి సీటియ్యాల అనే లెక్క మార్చినారు కాబట్టే అది నిలబడింది. ఎక్స్‌చేంజ్‌కు కూడా అట్లాంటి లెక్క అడగాల. తలుపు ఇరుకుగా ఉందని గోడ కట్టేస్తారా ఎవరైనా?

మామ: నగరం సంగతికొస్తాం. ఆసియా నగరం అంటే ఏందో మన కడప జిల్లాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. కువైటు ఆసియాలోదే కదా. నేను డ్రైవరు పనికి పోయి పదహారేండ్లు ఉన్నా. సముద్రం పక్కనే బతికినా. కాళ్లు తడుపుకున్నది నాలుగైదు సార్లు. అకామా అనే నివాస పత్రం కఫీలు అనే యజమాని చేతిలో, బండి తాళం నా చేతిలో. ఆ ఊర్లో ఏ వీధి ఏ మలుపు తిరుగుతుందో ఇప్పటికీ కండ్లు మూసుకుని చెప్తా. ఆ వీధుల్లోని ఇండ్లల్లో మనుషులు ఏం మాట్లాడుకుంటారో మటుకు తెలీదు. ఊరు తీరిక ఉన్నోడికి కనపడుతుంది పాపా. నాలుగు నెలల్లో ఆరు సబ్జెక్టులు మోసుకుని తిరిగే నీకు హాస్టలు, లైబ్రరీ, మెట్రో తప్ప ఏం కనపడుతుంది?

మేనకోడలు: నువ్వు చెప్పిందే నా వాదనకు బలం. నీకు పదో తరగతి పాసు సర్టిఫికెట్టు లేదు. అందుకని నీ పాస్‌పోర్టు ఈసీఆర్ కింద పడింది. పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన 18 దేశాల్లో కువైటు ఉంది, మలేషియా ఉంది, థాయ్‌లాండు ఉంది. నాకు ఆ ముద్ర లేదు. ఆసియా ఒకటే గానీ తలుపులు రెండు. నువ్వు పోయిన తలుపు పని కోసం తెరిచింది, నేను అడిగే తలుపు చదువు కోసం తెరుస్తుంది. నీ పదహారేండ్లలో నీకు దొరకనిది నా పదహారు వారాల్లో నాకు దొరకొచ్చు. ఆ ఊరి పిల్లల పక్కన ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే ప్రశ్నకు వాళ్లు ఒక జవాబు, నేను ఒక జవాబు చెప్పడం. అక్కడ నేను కూలీ కాదు, గిరాకీ కూడా కాదు.

మామ: మాట బాగుంది. కానీ ఆడపిల్లవు, ఒక్కదానివి. ఊరు ఏమంటుందో అని నేను అడగడం లేదు. రాత్రి పది గంటలకు జ్వరమొస్తే పక్కన ఎవరున్నారు అని అడుగుతున్నా.

మేనకోడలు: మామా, మన జిల్లానుంచి కువైటుకు ఇంటిపనికి పోయిన ఆడోళ్లు ఎంతమంది లేరు? ఇంటిపనికి పోయేవాళ్లకు 30 ఏండ్లు నిండి ఉండాలని రూలు కూడా ఉంది. వాళ్లు పోయినప్పుడు రాత్రి జ్వరమొస్తే ఎవరున్నారని ఎవరడిగినారు? నెలనెలా డబ్బొస్తే ఇల్లు లేచింది, పెండ్లిండ్లు అయినాయి. ఒక్కతే ఎట్లా పోయింది అన్నోడు లేడు. ఇన్సూరెన్సు ఉండి, హాస్టలు ఉండి, కాలేజీ నంబరు చేతిలో ఉండి పోయే పిల్లను మటుకు వెయ్యి ప్రశ్నలు అడుగుతారు.

మామ: దీనికి నా దగ్గర జవాబు లేదు. అవసరం ఊరు దాటేటప్పుడు భయం అడ్డం రాదు. చదువు దాటేటప్పుడు అన్ని భయాలూ గుర్తొస్తాయి. ఒప్పుకుంటా. కానీ భయమంతా ఉత్తదే అనొద్దు. 1990 ఆగస్టులో ఇరాకు సైన్యం కువైటులో దిగినప్పుడు లక్షా 70 వేల మంది దాకా మనవాళ్లను అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. అదంతా పాత కథ అంటావా? 2020 జనవరిలో వుహాన్‌లో కంపెనీ శిక్షణకు పోయిన మన ఆంధ్ర ఇంజినీర్లు 50 మందికి పైగా చిక్కుకుపోయినారు. వాళ్లు పోయింది కూడా కొన్ని నెలలకే. ఫిబ్రవరి మొదట్లో విమానాలు పంపి తెచ్చినారు. అప్పుడు కూడా జ్వరం ఉందని ఒకరిద్దర్ని విమానం ఎక్కనీయలేదు. ఆ ఇండ్లల్లో ఆ రాత్రులు ఎట్లా గడిచినాయో ఊహించుకో. నాలుగు నెలలే కదా అనే మాట ఆపదకు తెలీదు.

మేనకోడలు: నిజమే. ఆ సంవత్సరం ఇంట్లో ఉన్నోళ్లనూ ఇంట్లోనే కట్టేసింది అని మటుకు గుర్తుచేస్తా. ఇంకో లెక్క చూడు. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు 2020 మొదట్లో ఇంటికొచ్చి, 2022 దాకా తిరిగి పోలేకపోయినారు. వాళ్ల చదువు మొత్తం అక్కడ ఉండిపాయ. నాది అట్లా కాదు. వేరు ఇక్కడే ఉంటుంది, పట్టా ఇక్కడిదే. ఏమన్నా అయితే తిరిగొచ్చి తరువాతి సెమిస్టరులో కూర్చుంటా. నష్టపోయేది ఆరు నెలలు, అంతే. మొత్తం డిగ్రీ బయట చదివే దానికంటే ఒక సెమిస్టరు చిన్న పందెం.

మామ: చిన్న పందేనికి చిన్న లాభమే. ఇంత తాపత్రయం ఎందుకు? పోవాల్సిందే అనుకుంటే డిగ్రీ అయినాక అమెరికాకు ఎమ్మెస్‌కు పో. అప్పు బ్యాంకు ఇస్తుంది, ఉద్యోగం దొరికితే తీరుతుంది. నీ బయోడేటాలో సెమిస్టరు ఇన్ సింగపూరు అని ఒక వరుస ఉంటే ఎవరు జీతం పెంచుతారు?

మేనకోడలు: అమెరికాకు పోయేవాళ్లు చాలామంది ఉండిపోవడానికి పోతారు. తిరిగొచ్చేదానికి పోయే చదువు వేరే ఉంటుంది. నేను చదివేది సివిల్. నా తలలో ఉండేది నీళ్లు. సింగపూరు చూడు. సొంత నదులు చాలక 1962 ఒప్పందం కింద మలేషియాలోని జొహోర్ నుంచి నీళ్లు కొంటుంది. ఆ ఒప్పందం 2061తో అయిపోతుంది. అది తెలిసే, 2003 నుంచి వాడిన నీళ్లను శుద్ధి చేసి నీవాటర్ పేరుతో మళ్లీ వాడకంలోకి తెచ్చింది. పొరుగోడి చేతిలో కుళాయి ఉన్నప్పుడు ఒక ఊరు ఎట్లా ఆలోచిస్తుందో అక్కడ నిలబడి చూడాల. మనకూ అదే కథ. మన నీళ్లు కూడా పైనుంచి ఎవరో వదిలితే వచ్చేవే.

మామ: అట్లయితే ఒకటి అడుగుతా, నిజం చెప్పు. గండికోట రిజర్వాయరు నుంచి పైడిపాలెంకు, చిత్రావతికి నీళ్లు ఎట్లా ఎత్తిపోస్తారో చూసినావా? ఎన్ని పంపులు, ఏ ఎత్తుకు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, చివరి కాలువలో ఎన్ని దినాలు నీళ్లు పారినాయి? వీసా అవసరం లేదు. బస్సు చార్జీ చాలు.

మేనకోడలు: లేదు మామా. చిత్రావతి నీళ్లు చూసినా గానీ పంపుహౌసు లోపలికి ఎప్పుడూ పోలేదు. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. కానీ ఇంకో నిజం కూడా చెప్తా. ఆ పంపుహౌసు చూడాల అనే ఆలోచన నాకు సింగపూరు గురించి చదివినాకే పుట్టింది. దగ్గరున్నది దూరం నుంచి చూస్తేనే ఆనుతుంది కండ్లకు. కాగితం ముక్కు మీద పెట్టుకుంటే ఎవరు చదవగలరు?

మామ: నీ నోటికి అడ్డం లేదు. సరే, భాష? సింగపూరులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తావు. జపాను పోతే దుకాణంలో ఉప్పు ప్యాకెట్టు ఏదో, చక్కెర ప్యాకెట్టు ఏదో తెలీదు. కడాకు నలుగురు తెలుగు పిల్లలు ఒక గదిలో చేరి పప్పుచారు కాచుకుంటారు. ఆ మాత్రానికి కడపలో గది తీసుకుంటే చాలదా?

మేనకోడలు: ఆ ప్రమాదం మటుకు నిజం. మనోళ్లు ఎక్కడికి పోయినా సంఘం ముందు, ఊరు తరువాత. మలేషియాలో తెలుగు సంఘం 1955 నుంచి ఉంది, సింగపూరులో తెలుగు సమాజం 1975 నుంచి. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూరులోనే. కానీ మలేషియాలో రబ్బరు తోటలకు కూలికి పోయినవాళ్ల మనవళ్లు ఈరోజు ఎట్లా తెలుగు మాట్లాడుతున్నారో వినడం కూడా చదువే కదా. భాష సంగతికొస్తే ఒక వింత చెప్తా. నేను బడికి పోతా అని మనం అంటాం. జపాను వాళ్లు, వతాషి వ గక్కో ఎ ఇకు, అంటారు. వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, ఎ అంటే కి, ఇకు అంటే పోతా. క్రియ చివరే, విభక్తి పేరు వెనకే. కొరియా భాషా అంతే. ఇంగ్లీషు కోసం పన్నెండేండ్లు వాక్యాన్ని తలకిందులు చేసుకుంటిమి. అక్కడ వాక్యం మన వాక్యం లెక్కే నడుస్తుంది. మన తెలుగును నేను ఇట్లా విప్పి చూసుకుంది ఆ నాలుగు పాఠాలు నేర్చినాకే.

మామ: ఇది నాకు తెలీదు. బాగుంది. కానీ నాలుగు పాఠాలు ఇక్కడే ఫోన్లో నేర్చినావు కదా. విమానం ఎక్కకుండానే.

మేనకోడలు: పాఠం ఫోన్లో దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముందు తప్పు మాట్లాడి, నవ్వించుకుని, దిద్దుకునేది దొరకదు. ఇదేమీ కొత్త పిచ్చి కాదు మామా. ఏడో శతాబ్దంలో చైనానుంచి హ్యూయన్‌త్సాంగ్ వచ్చినాడు. మన ధాన్యకటకంలో, అంటే ఈనాటి అమరావతి దగ్గర, కొన్ని నెలలు ఉన్నాడు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. ఊరికే చదువుకుని పోలేదు. వాళ్లకు తాను మహాయాన శాస్త్రాలు చెప్పినాడు. ఇచ్చినాడు, పుచ్చుకున్నాడు. ఎక్స్‌చేంజ్ సెమిస్టరు అనే పేరు లేదు గానీ పని అదే.

మామ: ఆయన కథ మొత్తం చెప్పు మరి. 629లో ఇల్లు విడిచినాడు, 645లో తిరిగి చేరినాడు. పదహారేండ్లు. రాజు ఒద్దన్నా దాటి వచ్చినాడు. వచ్చేముందే ఏండ్ల తరబడి చదువుకుని ఉన్నాడు. ఏది తెలియడం లేదో తెలుసుకుని, దాని కోసం వచ్చినాడు. పోయేటప్పుడు 657 గ్రంథాలు మోసుకుపోయి, బతికినంత కాలం వాటిని తన భాషలోకి తిప్పినాడు. ఆయనవి పదహారేండ్లు, మీవి పదహారు వారాలు. నేనూ పదహారేండ్లే ఉన్నా పరాయి దేశంలో. ఒక్క పుస్తకం తేలేదు.

మేనకోడలు: ఇల్లు తెచ్చినావు మామా. చెల్లెలికి పెండ్లి చేసినావు, అంటే మా అమ్మకు. నా స్కూలు ఫీజు తెచ్చినావు. ఆ పుస్తకం తేలేదు కాబట్టే నన్ను పోనియ్యి అంటున్నా.

మామ: అట్లా అనొద్దు. నేను పోగొట్టుకున్నది నువ్వు తేవాల అని నీ నెత్తిన పెడితే అది చదువు కాదు, అప్పు. నేను అడిగేది ఒకటే. ఇచ్చిపుచ్చుకునేది అంటివి. పుచ్చుకునేది సరే, ఇచ్చేది యాడుంది? ఇక్కడికి ఎవరొస్తారు? ఒక చేత్తో చప్పట్లు కొడతా ఎక్స్‌చేంజ్ అంటే ఎట్లా?

మేనకోడలు: వస్తారు, హైదరాబాదు దాకా. సెంట్రల్ యూనివర్సిటీలో స్టడీ ఇన్ ఇండియా అని 1998 నుంచి నడుస్తా ఉంది. బయటి దేశాల పిల్లలు సెమిస్టరుకు వచ్చి చదువుకుని పోతారు.

మామ: హైదరాబాదు దాకా. తొండూరు దాకా రారు. మనం పోయేది నేర్చుకునేదానికి, వాళ్లు రాకపోయేది మన దగ్గర నేర్చుకునేది ఏమీ లేదనుకుని. ఆ లెక్క నాకు కువైటు నుంచీ తెలుసు.

మేనకోడలు: ఒకవేళ వచ్చినారే అనుకో. సింగపూరు పిల్ల ఒకతె, పదహారు వారాలు మన ఊర్లో ఉంటుంది. ఏం నేర్పుతావు?

మామ: నేనా? చీనీ తోటలోకి తీసుకుపోతా. పూతకు ముందు చెట్టుకు నీళ్లు ఎప్పుడు ఆపాలో, ఎంత వాడనియ్యాలో, మళ్లీ తడి ఏ దినం ఇయ్యాలో చూపిస్తా. పుస్తకంలో దినాలు రాసి ఉంటారు. కానీ నల్లరేగడికి ఒక లెక్క, ఎర్రనేలకు ఒక లెక్క. ఆకు చూసి చెప్పాల.

మేనకోడలు: చెట్టును అట్లా ఎండబెట్టేది ఎందుకు?

మామ: తెలిసే అడుగుతున్నావు. పూత కోసం. నీళ్లు లేని కష్టం తగిలితేనే చెట్టు పూతకొస్తుంది. కానీ నాలుగు దినాలు ఎక్కువైతే కొమ్మలు ఎండుతాయి. పక్క తోట వాడు ఎన్ని దినాలు ఆపినాడో చూసి మనం ఆపితే చెట్టే పోతుంది. అన్ని చెట్లకూ ఒకే కొలత లేదు పాపా. అది తెలియకే భయపడతా ఉన్నా.

మేనకోడలు: ఎండుతుందేమో అనే భయంతో నీళ్లు ఆపకుండా పెడతా పోతే ఏమైతుంది మామా?

మామ: పచ్చగా ఉంటుంది. పూత తక్కువ వస్తుంది. కానీ చెట్టు ఉంటుంది.